హద్దుల పట్టిక నుంచి వర్డ్ ఫైలు వరకు: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో న్యాయపత్రాల రూపచరిత్ర

వ్యాససంగ్రహం: న్యాయపత్రంలోని విషయంపై జరిగినంత చర్చ దాని రూపంపై జరగలేదు. పేరాల సంఖ్య, హద్దుల పట్టిక, తేదీ రాసే పద్ధతి, ఖాళీల పూరణ వంటివి లేఖకుడి అలవాట్లుగానే భావింపబడుతూ వచ్చాయి. భూమి హక్కు పత్రం మీదనే నిలిచే ఖమ్మం–భద్రాచలం ఏజెన్సీలో మాత్రం ఈ రూపాంశాలే సాక్ష్యపు బలాన్ని నిర్ణయించాయి. గోదావరికి ఇరువైపులా ఏర్పడిన రెండు పత్ర సంప్రదాయాలను, అవి ఒకే జిల్లాలో కలిసిన తీరును, టైపు యంత్రం నుంచి వర్డ్ ప్రాసెసర్‌కు జరిగిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పత్రంలో మారని భాగాన్ని, వ్యక్తికి ప్రత్యేకమైన భాగాన్ని వేరుచేసి నిలపడమే ఫార్మాటింగ్ సాధనాల సమర్థ వినియోగమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఏజెన్సీ, భూబదలాయింపు నిబంధనలు, సాదాబైనామా, చెక్కుబందీ, అటవీ హక్కుల చట్టం, వర్డ్ ప్రాసెసర్, స్టైల్, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

దుమ్ముగూడెం ప్రాంతపు భూమికి సంబంధించిన పత్రాలను కాలక్రమంలో పేర్చి చూస్తే, ఊరు కదలకుండానే దాని చిరునామా మారుతూ వచ్చిన సంగతి తెలుస్తుంది. 1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమగట్టు తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించింది. అవి కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉన్నాయి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరాయి. 1925లో తూర్పు గోదావరి జిల్లా ఏర్పడింది. 1953లో వరంగల్ నుంచి విడివడి ఏర్పడిన ఖమ్మం జిల్లాలోకి 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు వచ్చాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా భద్రాచలం డివిజన్‌లోని పలు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. తెలంగాణలో మిగిలిన భాగం 2016 అక్టోబరు 11 నుంచి ప్రధానంగా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది.

పాలనా చరిత్రకు ఇది సరిహద్దుల కథ. పత్రలేఖనానికి సంబంధించినంతవరకు ఇది రుజువు సమస్య. ఈనాడు కంప్యూటర్‌లో ఒక పిటిషన్ సిద్ధం చేసే వ్యక్తి ‘ఖమ్మం జిల్లా’ అన్న మాటను ఒకే ఆదేశంతో ఫైలు అంతటా ‘భద్రాద్రి కొత్తగూడెం జిల్లా’గా మారిస్తే, అందులో ఉటంకించిన 1978 నాటి ఉత్తర్వు 2016లో పుట్టిన జిల్లా నుంచి వెలువడినట్లవుతుంది. ఎదుటి పక్షం న్యాయవాది ఆ పత్రం విశ్వసనీయతను ప్రశ్నించడానికి అదొక్కటి చాలు. సాధనం చిన్నది, ఫలితం పెద్దది. న్యాయపత్రాల రూపాన్ని చరిత్రగా చదవవలసిన అవసరం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

2. గోదావరికి ఇరువైపులా రెండు సంప్రదాయాలు

గోదావరి కుడిగట్టున పాల్వంచ, బూర్గంపాడు, ఇల్లందు ప్రాంతాలు హైదరాబాద్ రాజ్యంలో ఉండేవి. అక్కడి రెవెన్యూ వ్యవహారం ఉర్దూలో సాగింది. సేత్వార్, పహాణీ, బైనామా, రెహన్‌నామా వంటి పదాలు ఆ సంప్రదాయానివే. అర్జీ రాసిపెట్టే అర్జీనవీసు గ్రామస్థుడికీ కచేరీకీ మధ్య నిలిచిన ముఖ్య వ్యక్తి. ఎడమగట్టున మద్రాసు సంప్రదాయం ప్రకారం అడంగల్, విక్రయ దస్తావేజు, తాకట్టు దస్తావేజు, చెక్కుబందీ అనే పదాలు నడిచాయి. ఇంగ్లీషు ఉత్తర్వు, తెలుగు దస్తావేజు పక్కపక్కనే ఉండేవి. తీరాంధ్రలో ‘చెక్కుబందీ’ అన్నదే తెలంగాణలో ‘హద్దులు’ అయింది. రెండు చోట్లా చెప్పేది నాలుగు దిక్కుల సంగతే అయినా, రాసే వరుస, పట్టికలోని గడులు, లిపి నడిచే దిశ వేరు.

కాలగణనలోనూ ఈ తేడా కనిపిస్తుంది. రెండు ప్రభుత్వాలూ ఫసలీ సంవత్సరాన్నే వాడాయి. క్రీస్తుశకానికీ ఫసలీకీ మధ్య సుమారు 590 సంవత్సరాల వ్యత్యాసం రెండింటికీ సమానమే. కాని మద్రాసు ఫసలీ జూలై 1న మొదలయ్యేది, హైదరాబాద్ ఫసలీ ఆజుర్ మాసంతో అక్టోబరులో మొదలయ్యేది. అందువల్ల 1946 ఆగస్టులో భద్రాచలంలో రాసిన పత్రం 1356 ఫసలీకి చెందితే, అదే నెలలో నది దాటి పాల్వంచలో రాసినది 1355 ఫసలీకి చెందుతుంది. నెల పేరు లేకుండా ఫసలీ సంఖ్య మాత్రమే ఉన్న పత్రంలో ఈ భేదం బయటపడదు. ఇరువైపుల పత్రాలను ఒకే పట్టికలో చేర్చేటప్పుడు ‘సంవత్సరం’ అనే ఒకే గడి సరిపోదు. మూలంలో ఉన్న తేదీ, అది వచ్చిన సంప్రదాయం, సమానమైన క్రీస్తుశక తేదీ అనే మూడు గడులు అవసరమవుతాయి.

గిరిజన భూరక్షణ శాసనాలలో కూడా ఈ ద్వైవిధ్యం ఉంది. మద్రాసు పరిధిలో 1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం కొండజాతి వ్యక్తి నుంచి ఇతరులకు భూమి బదిలీ కావాలంటే ఏజెంటు ముందస్తు లిఖిత అనుమతి ఉండాలన్నది. హైదరాబాద్ రాజ్యంలో గిరిజన ప్రాంతాల నిబంధనలు 1940ల చివరి భాగంలో రూపొందాయి. రాజ్యాంగం అమలులోకి వచ్చాక 1950లో షెడ్యూల్డు ప్రాంతాల ప్రకటన కూడా రెండు ఉత్తర్వులుగానే వెలువడింది. ‘ఎ’ భాగపు రాష్ట్రాల ఉత్తర్వు తూర్పు గోదావరి ఏజెన్సీని ప్రాంతంగా పేర్కొన్నది. ‘బి’ భాగపు రాష్ట్రాల ఉత్తర్వు హైదరాబాద్ రాష్ట్రంలోని గ్రామాలను పేరుపేరునా జాబితాగా ఇచ్చింది. ప్రాంతంగా చెప్పినప్పుడు వివాదం సరిహద్దు రేఖపై వస్తుంది, జాబితాగా చెప్పినప్పుడు గ్రామం పేరుపై వస్తుంది. పొరుగున ములుగు జిల్లా మంగపేట మండలంలోని 23 గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలోకి వస్తాయా రావా అన్న వ్యాజ్యం దీర్ఘకాలం నడిచింది. అవి షెడ్యూల్డు ప్రాంతమేనని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో తీర్పు చెప్పింది.

3. చట్టం కోరిన రూపం

న్యాయపత్రం ఎలా కనిపించాలో నిర్దేశించే నియమాలు కంప్యూటర్ రాకకు చాలాముందే ఉన్నాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం పత్రంలో పంక్తుల మధ్య చేర్పులు, ఖాళీలు, చెరిపివేతలు, దిద్దుబాట్లు ఉండి, వాటివద్ద రాసిచ్చిన వారి సంతకం లేకపోతే నమోదు అధికారి ఆ పత్రాన్ని తిరస్కరించవచ్చు. 21వ సెక్షన్ స్థిరాస్తిని గుర్తించడానికి తగినంత వివరణ ఉండాలంటుంది. అదే ఏడాది వచ్చిన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 6వ ఆర్డరు 2వ రూలు, 1976 సవరణ తరువాతి రూపంలో, వాదపత్రాన్ని వరుస సంఖ్యలు గల పేరాలుగా విభజించాలని, సాధ్యమైనంతవరకు ఒక్కో ఆరోపణకు ఒక్కో పేరా ఉండాలని, తేదీలు, మొత్తాలు, సంఖ్యలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలని చెబుతుంది. 7వ ఆర్డరు 3వ రూలు స్థిరాస్తి దావాలో హద్దులను గానీ సర్వే సంఖ్యలను గానీ పేర్కొనాలంటుంది.

ఈ నియమాలకు ఏజెన్సీలో అదనపు బరువు ఏర్పడింది. 1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు (1/1959) 1963 డిసెంబరు 1 నుంచి తెలంగాణ ప్రాంతానికి విస్తరించాయి. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలైన 1/1970 సవరణ గిరిజనేతరుల మధ్య బదలాయింపును కూడా చెల్లనిదిగా చేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుల స్వాధీనంలోని భూమి, వేరుగా రుజువయ్యేంతవరకు, గిరిజనుల నుంచి సంక్రమించినదేనని చట్టం భావిస్తుంది. పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1988లో ఈ సవరణను సమర్థించింది. నిబంధనలు తమ అమలుకు పూర్వం జరిగిన బదలాయింపులకు వర్తించవని అదే న్యాయస్థానం 1995లో స్పష్టం చేసింది.

ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే, వివాదమంతా పత్రం మీది తేదీ చుట్టూ ఎందుకు తిరుగుతుందో బోధపడుతుంది. ఎడమగట్టున 1959, కుడిగట్టున 1963, ఉభయత్రా 1970 అనే గీతలకు ఏ పక్కన పత్రం పడుతుందన్నదే ప్రశ్న. తెల్లకాగితంపై రాసుకున్న సాదాబైనామాకు నమోదు తేదీ ఉండదు కనుక అనుమానమూ దానిపైనే ఎక్కువ. ‘చదివి వినిపించగా విని ఒప్పుకొని వేసిన వేలిముద్ర’ అన్న వాక్యం కింద ఉన్న గుర్తు కోయ రైతుదో కొండరెడ్డి రైతుదో అయినప్పుడు, ఆ చదివి వినిపించడం నిజంగా జరిగిందా, ఏ భాషలో జరిగింది అనేవి కూడా ప్రశ్నలే.

4. టైపు యంత్రం నుంచి తెర మీదికి

1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం తరువాత కార్యాలయాల్లో తెలుగు టైపు యంత్రానికి ప్రాధాన్యం పెరిగింది. యంత్రంపై పేరా సంఖ్య వేలితో కొట్టవలసిందే, పట్టికను ట్యాబ్ ఆనవాళ్లతో నిలబెట్టవలసిందే. మధ్యలో ఒక పేరా చేరిస్తే తరువాతి పుటలన్నీ తిరిగి కొట్టాలి. ఈ శ్రమే ఒక క్రమశిక్షణను కూడా నేర్పింది. చిత్తుప్రతి పూర్తి అయ్యేవరకు శుద్ధప్రతి మొదలయ్యేది కాదు.

ప్రపంచ న్యాయవాద వృత్తిలో ఈ శ్రమను తొలగించినవి వర్డ్ ప్రాసెసర్లు. 1989లో వచ్చిన వర్డ్ పర్‌ఫెక్ట్ 5.1 అమెరికా న్యాయవాద కార్యాలయాలలో విశేషంగా నిలిచింది. పేరాల స్వయంచాలక సంఖ్య, పట్టికలు, తెరపై కనిపించే అక్షరాల వెనకనున్న సంకేతాలను తెరిచి చూపే వసతి దాని బలాలు. న్యాయవాదికి పత్రంలో ఏది ఎందుకు అలా కనిపిస్తున్నదో తెలియాలన్న వృత్తిగత అవసరానికి ఆ చివరి వసతి జవాబిచ్చింది. తరువాత మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ‘స్టైల్’ అనే భావన ప్రధానమైంది. శీర్షిక, పేరా, ఉటంకింపు, షెడ్యూలు అనే భాగాలకు ఒక్కొక్క పేరు పెట్టి, ఆ పేరుకు రూపాన్ని కట్టిపెట్టడమే స్టైల్.

తెలుగులో ఈ మార్పు మరో దారిలో వచ్చింది. కచేరీల పరిసరాల్లోని టైపు కేంద్రాలు డీటీపీ కేంద్రాలుగా మారినప్పుడు అను, శ్రీలిపి వంటి ఫాంట్ వ్యవస్థలు స్థిరపడ్డాయి. ఇవి తెలుగు అక్షరాన్ని అక్షరంగా కాక ఆకారంగా నిల్వచేశాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే దావాపత్రం అర్థంలేని గుర్తుల వరుస అవుతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు స్థానం దొరికినా, సాధారణ వాడుకరికి అది అందినది 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన తరువాతే. అప్పటికి కచేరీ ముంగిట పాత ఫాంటు అలవాటు పాతుకుపోయింది. ఫలితంగా కాగితంపై అందంగా కనిపించే పత్రం ఫైలుగా మూగదైంది. అందులో పేరు వెతకడం, వరుసక్రమంలో పెట్టడం, మరొక ఫైలుతో పోల్చడం సాధ్యం కావు.

ఈ లోపానికి అటవీ సరిహద్దులో ప్రత్యేక పర్యవసానం ఉంది. కోయల ఇంటిపేర్లు పహాణీలో ఒక రకంగా, ఓటరు జాబితాలో మరొక రకంగా ఉండటం సాధారణం. సోడె–సోడి, మడివి–మడవి వంటి జంటలు ఒకే కుటుంబాన్ని రెండుగా చూపుతాయి. వెతకడానికి వీలున్న యూనికోడ్ పాఠంలో ఈ రూపభేదాలను ముందే పట్టుకోవచ్చు, ‘ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి’ అన్న ప్రకటనను పత్రంలోనే చేర్చవచ్చు. ఆకారాల ఫైలులో ఆ తేడా విచారణ రోజున ఎదుటి పక్షం చూపినప్పుడే బయటపడుతుంది.

5. సాధనాలు: పాత నియమాలకు కొత్త ఉపకరణాలు

వర్డ్ ప్రాసెసర్‌లోని ముఖ్య సాధనాలను పై చట్టనియమాల పక్కన నిలిపితే వాటి ప్రయోజనం తేటపడుతుంది.

మొదటిది పేరా సంఖ్య. ఆర్డరు 6 రూలు 2 కోరే వరుససంఖ్యలను చేత్తో కొట్టడం టైపు యంత్రపు అలవాటుకు కొనసాగింపు మాత్రమే. బహుళస్థాయి సంఖ్యాజాబితాను పేరా స్టైల్‌కు ముడివేస్తే, మధ్యలో చేరిన పేరా మిగిలిన సంఖ్యలను తానే సవరించుకుంటుంది. ‘పై 7వ పేరాలో చెప్పినట్లు’ అనే ప్రస్తావనను అంతర్‌ప్రస్తావన క్షేత్రంగా చేరిస్తే, ముద్రణకు ముందు మొత్తం పాఠాన్ని ఎంచుకొని ఎఫ్9 మీట నొక్కగానే అది కూడా సరిపడుతుంది. ఒక్కో ఆరోపణకు ఒక్కో చిన్న పేరా ఉన్న అఫిడవిట్‌ను నిరక్షరాస్యుడైన అర్జీదారుకు ఆగి ఆగి చదివి వినిపించవచ్చు. ఇక్కడ రూపం చెవికి కూడా ఉపకరిస్తుంది.

రెండవది హద్దుల షెడ్యూలు. ట్యాబ్‌లతో, ఖాళీలతో నిలబెట్టిన పట్టిక ఫాంటు మారగానే చెదిరి, ఒక సర్వే సంఖ్య పక్కన మరొకదాని విస్తీర్ణం చేరుతుంది. నిజమైన పట్టికను వాడి, శీర్షిక వరుస ప్రతి పుటలోనూ పునరావృతమయ్యేలా, ఒకే వరుస రెండు పుటలుగా చీలకుండా అమర్చాలి. తూర్పు, పడమర ఒక పుటలో, ఉత్తరం, దక్షిణం మరొక పుటలో పడిన షెడ్యూలు చదివేవారిని తడబరుస్తుంది. సర్వే సంఖ్యకూ దాని ఉపవిభాగానికీ మధ్య విడిపోని ఖాళీ ఉంచితే పంక్తి చివర అవి వేరుపడవు.

మూడవది ఖాళీలు, దిద్దుబాట్లు. పాత కక్షిదారు ఫైలు తెరిచి పేర్లు మార్చి కొత్త పత్రం చేయడం సర్వసాధారణమైన అలవాటు, అన్నింటికన్నా ప్రమాదకరమైనది కూడా. ఎక్కడో ఒక మూల పాత పేరు మిగిలిపోతుంది. దానికి బదులు పేరు, తండ్రి పేరు, గ్రామం, సర్వే సంఖ్యలకు పూరణ క్షేత్రాలున్న మూసను విడిగా భద్రపరిస్తే, ఒకచోట నింపిన వివరం అవసరమైన ప్రతిచోటా చేరుతుంది, నింపని క్షేత్రం కంటికి కనిపిస్తుంది. చిత్తుప్రతిలో మార్పుల నమోదును ఆన్ చేసి ఉంచి, తుదిప్రతిలో అన్నింటినీ పరిష్కరించాలి. 20వ సెక్షన్ కాగితంపై కోరిన జాగ్రత్తకు ఇది తెరమీది రూపం.

నాలుగవది ఉటంకింపు. పాత ఉత్తర్వుల, పహాణీల పాఠానికి ప్రత్యేకమైన స్టైల్ ఉంటే, జిల్లా పేరు మార్చే ఆదేశం ఇచ్చేటప్పుడు ఆ భాగాలను గుర్తించి వదిలివేయవచ్చు. ప్రస్తుత చిరునామా మారవచ్చు, ఉటంకించిన చిరునామా మారరాదు.

సుప్రీంకోర్టు 2020 మార్చిలో జారీచేసిన ఆదేశం ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఎ4 కాగితంపై రెండువైపులా ముద్రణ, 14 పరిమాణపు అక్షరాలు, ఒకటిన్నర పంక్తి అంతరం, ఉటంకింపులకు 12 పరిమాణం, కుడి ఎడమల 4 సెంటీమీటర్ల మార్జిన్ నిర్ణయించింది. స్టైళ్లతో కట్టిన పత్రంలో ఈ మార్పు కొద్ది నిమిషాల పని. పంక్తి పంక్తికీ చేత్తో రూపమిచ్చిన పత్రంలో అది పూటంతా పట్టే పని.

6. మూస ఎక్కడ ఆగాలి?

సమర్థతకు మరో ముఖం ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2008 జనవరి 1న వెలువడిన నియమాలు వ్యక్తిగత హక్కుకు ‘ఎ’ ఫారాన్ని, సాముదాయక హక్కుకు ‘బి’ ఫారాన్ని నిర్ణయించాయి. 2012 సవరణ సాముదాయక అటవీ వనరులకు ‘సి’ ఫారాన్ని చేర్చింది. 2005 డిసెంబరు 13 నాటికి భూమి స్వాధీనంలో ఉండాలన్నది గీటురాయి. ప్రభుత్వ రికార్డులతోపాటు, అర్జీదారు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా స్వీకరించడానికి 13వ నియమం అవకాశమిచ్చింది. పోడు సాగులో పుట్టి పెరిగి, కాగితం చేతికి రాని కుటుంబాలకు ఆ ఒక్క అవకాశం ఎంతో విలువైనది.

వందల దరఖాస్తులను పట్టికలోని వివరాలతో ఒకేసారి తయారుచేసే మెయిల్ మెర్జ్ ఇటువంటి పనికి తగిన సాధనమే. పేరు, గ్రామం, విస్తీర్ణం అచ్చుతప్పు లేకుండా చేరుతాయి. అయితే పెద్దల వాంగ్మూలాన్ని కూడా అదే మెర్జ్‌లో పడేస్తే, పలువురు వృద్ధులు ఒకే వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా పలికినట్లు పత్రాలు తయారవుతాయి. అవి ఒకదానినొకటి బలపరచవు, బలహీనపరుస్తాయి. ఏ చెట్టు, ఏ వాగు, ఏ సంవత్సరపు కరువు అన్న గుర్తులతో పెద్దలు చెప్పే విశేషమే అక్కడ సాక్ష్యం.

అధికారుల పక్షానికీ ఇదే వర్తిస్తుంది. తిరస్కరణకు కారణాలను రాతపూర్వకంగా తెలపాలని నియమాలు కోరుతాయి, అప్పీలుకు 60 రోజుల గడువు ఇస్తాయి. మూసలో పేరు మాత్రమే మారి, కారణం అన్నిచోట్లా ఒకే వాక్యంగా ఉన్న నోటీసు ఆ నియమపు ఉద్దేశాన్ని నెరవేర్చదు. సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 13న తిరస్కృత దరఖాస్తుదారుల తొలగింపుకు ఆదేశించి, అదే నెల 28న దానిని నిలుపుదల చేసినప్పుడు రాష్ట్రాలను అడిగిన ప్రశ్న కూడా ఇదే: తిరస్కరణలో సరైన ప్రక్రియ పాటించారా, కారణాలతో కూడిన ఉత్తర్వులు ఇచ్చారా? ఒక కుటుంబం భూమిలో ఉంటుందా ఖాళీ చేస్తుందా అన్నది ఆ ఒక్క గడిలోని వాక్యంపై ఆధారపడింది.

7. ముగింపు

అర్జీనవీసు కలం నుంచి వర్డ్ ఫైలు వరకు జరిగిన ప్రయాణంలో పరికరాలు మారాయి గాని, పత్రం ముందున్న కర్తవ్యం మారలేదు. ఫలానా భూమి, ఫలానా హద్దులు, ఫలానా తేదీ, ఫలానా వ్యక్తి అని సందేహానికి తావులేకుండా చెప్పడమే ఆ కర్తవ్యం. సంఖ్యలు, పట్టికలు, మార్జిన్లు, శీర్షికలు యంత్రానికి అప్పగించదగినవి. వాటిని చేత్తో చేయడంలో పుణ్యమేమీ లేదు, తప్పులకు మాత్రం తావుంది. తేదీ, హద్దు, వాంగ్మూలం, కారణం మాత్రం ప్రతి పత్రంలోనూ కొత్తగా రాయవలసినవి.

ఈ విభజన పరిశోధకులకూ ఉపయోగపడుతుంది. ఏజెన్సీ భూపత్రాలను పరిశీలించేవారు పాఠంతోపాటు రూపాన్ని కూడా నమోదు చేయాలి. ఏ భాగం అచ్చు ఫారం, ఏది చేతిరాత, ఏ గడి ఖాళీ, ఏ ఫసలీ, ఏ లిపి అన్నవి విడిగా గుర్తిస్తేనే, ఆ పత్రంలో మాట్లాడుతున్నది రైతా, లేఖరా, కచేరీయా అన్నది తెలుస్తుంది. న్యాయశాస్త్ర, చరిత్ర, తెలుగు శాఖల పాఠ్యాంశాలలో యూనికోడ్ తెలుగు పత్రరచనకు, స్టైళ్ల వినియోగానికి చోటు కల్పించడం ఈ దిశలో మొదటి అడుగు. ఏజెన్సీ గ్రామంలోని అర్జీదారుకు సరిగా కట్టిన పత్రం వల్ల కలిగే మేలు, గట్టి న్యాయవాది వల్ల కలిగే మేలుకు తీసిపోదు.